పిట్టలు తినగా మిగిలిన జొన్న

కామారెడ్డిలో పి.వి. సతీష్ స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం



సతీష్ గారు మన జిల్లా మనిషి కాదు. 1945లో మైసూరులో పుట్టారు. ఢిల్లీలో పత్రికారచన చదువుకున్నారు. దూరదర్శన్‌లో నిర్మాతగా ఏళ్లతరబడి పనిచేశారు. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపించిన సైట్ ప్రయోగంలో పనిచేస్తూ మన పల్లెల్ని దగ్గరగా చూశారు. 1983లో మిత్రులతో కలిసి జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిలబెట్టి, మిగిలిన జీవితమంతా అక్కడి దళిత మహిళల సంఘాల మధ్యే గడిపారు. 2023 మార్చి 19న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది ఆ ఏడాదినే. నలభై ఏళ్లు ఏ గింజ కోసం మాట్లాడారో ఆ గింజ పేరు ప్రపంచమంతా వినబడుతున్న రోజుల్లోనే ఆయన వెళ్లిపోయారు.

జహీరాబాద్‌కూ మనకూ ఓటు సంబంధం ఉంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కల్ నాలుగు నియోజకవర్గాలూ జహీరాబాద్ లోక్‌సభ స్థానం కిందికే వస్తాయి. 2009 నుంచి ఆ ఊళ్లూ మన ఊళ్లూ ఒకే ఎంపీని ఎన్నుకుంటున్నాయి. ఓటు ఒక్కటైంది గాని అక్కడి ఆడవాళ్లు సాధించిన పని మాత్రం మంజీరా దాటి ఇటు రాలేదు. ఈ రోజు నేను మాట్లాడేది దాని గురించే.

నాకిచ్చిన విషయం తిండి: తినే తిండి ద్వారా మనిషి తనతో తాను, ఊరితో, నేలతో తిరిగి ఎట్లా కలుస్తాడని. పట్నాల్లో ఇప్పుడు ఈ మాట బాగా వినబడుతోంది. ఫోన్ పక్కన పెట్టండి, నిదానంగా నమలండి, తినేటప్పుడు తిండి మీదే ధ్యాస పెట్టండి అంటున్నారు. మంచి మాటలే, వాటిని నేను కాదనను. కాని పళ్లెంలోకి ఏం వచ్చిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియకుండా ఎంత ధ్యాస పెట్టి నమిలినా అది సగం పనే అని నా గట్టి నమ్మకం. మిగతా సగం ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. దానికి ఊరు కావాలి.

ముందు జొన్నరొట్టె దగ్గర మొదలుపెడతాను. గోధుమపిండికి సహజంగా సాగే గుణం ఉంటుంది. జొన్నపిండికి అది లేదు. మసిలే నీళ్లు పోసి, చేయి కాలకుండా ముందు గరిటెతో కలిపి, తర్వాత అరచేతి మొదలుతో నొక్కి నొక్కి మెదిపితేనే అది ముద్దగా కుదురుతుంది. ఆ ముద్దను పీట మీద పెట్టి, కింద పొడిపిండి చల్లి, ఒక చేత్తో తడుతూ రెండో చేత్తో అంచును కాపాడుకుంటూ తిప్పాలి. పెనం మీద వేశాక పైభాగానికి తడిచేత్తో నీళ్లు రాయాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. ముందు తిరగేస్తే అంటుకుంటుంది, ఆలస్యమైతే పగులుతుంది. పిండి పాతదైతే ఎంత చేయి తిరిగిన మనిషికైనా అంచులు విచ్చిపోతాయి. అందుకే ఇంటి ఇల్లాలు గిర్నికి నెలకు సరిపడా జొన్నలు పంపదు. నాలుగు రోజులకు సరిపడా పట్టించుకుంటుంది. తాజా పిండి, మసిలే నీళ్లు, ఎడతెగని చూపు, ఈ మూడింట్లో ఏది తగ్గినా రొట్టె రాదు. తిండి మీద ధ్యాస గురించి నాకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద చదువు ఆ పెనం ముందరే ఉంది.

ఆ చదువు చదివిన మనిషి మాత్రం చివర తింటుంది. రొట్టె వేడిగా ఉండగానే తినాలని మనమంతా అంటాం. ఆరుగురున్న ఇంట్లో అయిదుగురు వేడిగా తింటారు. చేసిన ఆమె పొయ్యి ఆర్పి, పెనం దించి, చల్లబడ్డ రొట్టె చారులో నానబెట్టుకుని తింటుంది. జొన్న ఇళ్లలోంచి పోవడానికి కారణాలు చాలా చెబుతారు గాని ఇది ఎవరూ చెప్పరు. బియ్యం కడిగి కుక్కర్‌లో పెడితే ఆమెకు ఒక గంట మిగులుతుంది. ఆ గంటను మళ్లీ ఆమె దగ్గర లాక్కుని మన ఆరోగ్యం బాగుచేసుకుంటామంటే అది న్యాయం కాదు. జొన్నరొట్టె ఇంట్లోకి తిరిగి రావాలని కోరుకునే మగవాళ్లు ముందు పిండి మెదపడం నేర్చుకోవాలి. ఇక్కడున్న తమ్ముళ్లతో ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

కామారెడ్డిలో సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు అమ్మే అక్కల దగ్గర ఆగి చూడండి. కొనేవాళ్లలో ఎక్కువమంది షుగర్ ఉందని డాక్టర్ చెప్పాక వచ్చినవాళ్లే. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చింది. వంద గ్రాముల జొన్నల్లో దాదాపు 10 గ్రాముల పీచు ఉంటే, మిల్లు పట్టిన తెల్లబియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజూ తిండి నుంచి వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. ఇప్పుడది 50 నుంచి 70 శాతం దాకా ఉంది. పప్పులు, మాంసం, గుడ్ల నుంచి 14 శాతం రావాల్సి ఉండగా 6 నుంచి 9 శాతమే వస్తోంది. ఈ అంకెల్లో మన పళ్లెం కనబడుతోంది: నిండా అన్నం, పక్కన పలుచని పప్పు.

ఇట్లా ఎట్లా అయ్యాం? నీళ్ల కథ కొంత చెప్పాలి. మంజీరా మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ బాన్సువాడ, బోధన్ దిక్కు పారింది. వరి, చెరుకు అటు విస్తరించాయి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల్లో పదివేల ఎకరాలకు పైగా పోచారం ప్రాజెక్టు నీళ్లు అందాయి. మిగిలిన మన ఎత్తు నేలలు, కామారెడ్డి చుట్టూ ఉన్న ఎర్ర చెల్కలు, వానకూ చెరువుకూ వదిలేసినవే. వాటి మీద జొన్న, కంది, పెసర, అనుము, నువ్వు, కొర్ర కలిసి పండేవి. జొన్న గటక, అంబలి, రొట్టె అక్కడి నుంచే వచ్చాయి. తర్వాత బోర్లు వచ్చాయి. బోరున్న చోట వరి, లేని చోట మక్క, పత్తి, సోయా. మక్కల్లో చాలా భాగం కోళ్లదాణాకూ ఫ్యాక్టరీలకూ పోతుంది. మన చెల్కలో పండేది మనం తినం, మనం తినేది మన చెల్కలో పండదు.

ఇందులో ఇంకొక మలుపు ఉంది. 1983లో ఎన్.టి. రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టారు. సతీష్ గారు పస్తాపూర్‌లో పని మొదలుపెట్టిన ఏడాది కూడా అదే. ఆ బియ్యం ఆకలి తీర్చింది. ఆకలిని చూడని మనిషే దాన్ని తక్కువ చేసి మాట్లాడగలడు. అది గౌరవం కూడా ఇచ్చింది. మన ఊళ్లలో వరి అన్నం దొరల ఇంటి తిండి, పెళ్లి తిండి, పండుగ తిండి. గటక కూలి మనిషి తిండి. గత్యంతరం లేక గటక తాగినవాడు బియ్యం దొరకగానే దాన్ని వదిలేశాడంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. 2025 ఉగాదికి సన్నబియ్యం వచ్చినప్పుడు పేద ఇళ్లలో కనబడ్డ సంతోషం వెనక ఉన్నదీ ఈ చరిత్రే. జొన్న తినమని ఆ ఇంటికి వెళ్లి ఉపన్యాసం చెప్పే హక్కు ఎవరికీ లేదు. సతీష్ గారిని నేను గౌరవించేది ఇందుకే: ఆయన చెప్పడానికి పోలేదు. ఆ ఆడవాళ్లు చెప్పింది వినడానికి కూర్చున్నారు.

విన్నాక జరిగిన పని ఏమిటో చూడండి. 1990లలో ఆ సంఘాలు ఊరి బీడు చెల్కల్ని సాగులోకి తెచ్చాయి. దున్నడానికి, ఎరువుకు ముందుగా పైసలు ఇచ్చి, ఆ బాకీని పైసల్లో కాకుండా జొన్నల్లో తిరిగి తీసుకున్నాయి. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవచేసి, పని దొరకని నెలల్లో నిరుపేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చాయి. ఎవరి ఇల్లు నిరుపేదదో ఆఫీసర్ తేల్చలేదు. ఊరంతా కూర్చుని, నేల మీద గీతలు గీసి, ఇంటింటి గురించి అందరి ముందర మాట్లాడుకుని తేల్చారు. గింజ ఆ ఊరి నేలదే, కొట్టు ఆ ఊరిదే, పంచింది ఆ ఊరి ఆడవాళ్లే. రేషన్ దుకాణం చేసే పనే అది. కాని ఇక్కడ ఆ గింజతో పాటు బీడు నేల పచ్చబడింది, కూలి దొరికింది, పశువులకు చొప్ప దొరికింది. గటక తాగిన సిగ్గు కూడా మెల్లగా పోయింది.

విత్తనాల దగ్గర వాళ్ల పద్ధతి ఇంకా గట్టిది. విత్తనం అమ్మరు. సోలెడు తీసుకున్న మనిషి పంట చేతికొచ్చాక రెండు సోలెలు తెచ్చి ఇవ్వాలి. బూడిదా వేపాకూ కలిపి, మట్టి పూసిన గంపల్లో దాస్తారు. ఏటా సంక్రాంతికి ఆ గంపల్ని ఎడ్లబండ్ల మీద పెట్టి ఊరూరా తిప్పుతారు. పాత పంటల జాతర అంటే అదే. నెల రోజులు ఊళ్ల మీదుగా సాగి మాచునూరులో ముగుస్తుంది. యాసంగిలో నీళ్లు పెట్టకుండా మంచుకు, నల్లరేగడిలో మిగిలిన తేమకు పండే పంటల్ని వాళ్లు సత్యం పంటలంటారు. 2008 అక్టోబర్‌లో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది ఆ ఊళ్ల అమ్మాయిలే. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది. బడి మొహం సరిగా చూడని ఆడవాళ్ల చేతుల్లోకి కెమెరా, మైకు ఇచ్చి, వాళ్ల తిండి గురించి వాళ్లనే మాట్లాడనిచ్చారు. సతీష్ గారి పనులన్నిట్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనబడేది ఇది.

ఇప్పుడు మన దిక్కు వద్దాం. లింగంపేట పక్కన చెల్క ఉన్న ఒక పెద్దమనిషిని నేను అడిగాను, జొన్న ఎందుకు మానేశావు కాకా అని. ధర అంటాడనుకున్నాను. 2025-26లో హైబ్రిడ్ జొన్నకు కనీస మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు, మామూలు వరికి 2,369. ధర జొన్నకే ఎక్కువ. కాని ఎకరంలో వరి దిగుబడికీ జొన్న దిగుబడికీ పొంతన లేదు. పైగా వరికి కొనుగోలు కేంద్రం ఊళ్లోనే ఉంటుంది. ఆ లెక్క ఆయన చెప్పనే చెప్పాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. అందరూ జొన్న వేసినప్పుడు పిట్టలు అందరి చేనుల మీదా వాలేవి. ఒక్కొక్క చేనులో తినేది తెలిసేది కాదు. ఇప్పుడు నేనొక్కడినే వేస్తే ఊళ్లో ఉన్న పిట్టలన్నీ నా చేను మీదికే వస్తాయి బిడ్డా. మంచె వేసి వడిసెల పట్టుకుని నేనెన్ని దినాలు కూసోను? కోతులు సరేసరి, రాత్రి అడవి పందులు.

నాకు ఆ మాటలో ఈ ప్రసంగం మొత్తం దొరికింది. పిట్టకు పోయేదాన్ని ఊరంతా పంచుకున్నప్పుడు అది నష్టం కిందికి రాలేదు. ఒక్క రైతు మీద పడ్డప్పుడు అదే అతన్ని ముంచింది. జొన్న తినాలనుకునే మనిషి ఒక్కడే ఉండొచ్చు, జొన్న పండించే మనిషి ఒక్కడుగా ఉండలేడు. గిర్ని సంగతీ ఇంతే. ఊళ్లో పదిమంది జొన్నలు పట్టించినప్పుడు గిర్నివాడు ఒక పూట జొన్నకే కేటాయించేవాడు. ఒక్కరే తెస్తే గోధుమల వెనక పోస్తాడు, పిండిలో పిండి కలుస్తుంది. కొర్ర, సామ పొట్టు తీయడం అయితే ఇంట్లో అసలే కాని పని. మనిషి తినే అలవాటు ఇంటిలోపలిదే అయినా దాన్ని నిలబెట్టే ఏర్పాట్లన్నీ ఇంటి బయట ఉన్నాయి.

ఇంకొకటి కూడా చూడండి. మక్కచేనులో గింజ వేసిన ఒకటి రెండు రోజులకే అట్రజిన్ కొడతాం. కలుపుకూలి దొరకదు, దొరికినా కట్టుకోలేం, రైతు బాధ నిజమైనదే. కాని ఆ మందు వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. కంది కూడా వెడల్పాకుదే. అందుకే అట్రజిన్ కొట్టిన మక్కలో కంది సాలు వేయలేం. మన పళ్లెంలో పప్పు పలుచబడ్డదని పోషకాహార సంస్థ చెప్పిన అంకెకూ, మన చేనులో మాయమైన కంది సాలుకూ సంబంధం ఉంది. ఆ మందుతోనే గునుగు, గంగవాయిలి, దొగ్గలి, జొన్నచెంచలి, తుమ్మి పోతున్నాయి. దున్నకుండా విత్తకుండా పేద ఇంటికి ఊరకే దొరికిన కూరలవి. కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం కొంగులో కట్టుకుని తెచ్చుకునేవాళ్లు. లేత గునుగాకు కూర వండుకున్న చేతులే ఆశ్వయుజ మాసంలో ఆ గునుగు పూలు కోసి బతుకమ్మ పేర్చాయి. ఇప్పుడు గునుగు కోసం పిల్లలు దూరం పోతున్నారు, బజార్లో కట్టలు కొంటున్నాం. చేనులో మందు కొట్టిన చేయి, బజార్లో పూలకట్టకు పైసలిచ్చే చేయి ఒక్కటే అని మనం గుర్తించడం లేదు.

తిండి మీద ధ్యాసను మన పెద్దలు మనిషి ఇష్టానికి వదిలేయలేదు, కాలానికి కట్టారు. తొలి ఏకాదశికి జొన్నపేలాల పిండి, బెల్లం. వినాయక చవితికి తుమ్మికూర. సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర, రొట్టెను బెల్లంతో మెదిపిన మలీద ముద్దలు. పీర్ల పండుగకూ ఆ మలీదే. గాంధారి, ఎల్లారెడ్డి చుట్టూ ఉన్న తాండాల్లో తీజ్‌కు అమ్మాయిలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోసి కాపాడుతారు. చెరువుగట్టు మీద సద్దులు ఒకరి గిన్నెలోంచి ఒకరు పంచుకుంటారు. అప్పుడు ఎవరింటి నువ్వులు బాగా వేగాయో, ఎవరు ఈసారి బెల్లం తక్కువ వేశారో ఊరంతటికీ తెలుస్తుంది. ఆ పంచుకోవడంలో కులం హద్దులు ఉండేవి, చాలా చోట్ల ఇప్పటికీ ఉన్నాయి. అవి పోకుండా పాత పద్ధతులన్నీ మంచివని నేను పొగడలేను.

మళ్లీ పండించే సంగతికి వస్తే, ఆర్మూర్, బాల్కొండ దిక్కు మీకు తెలుసు. అక్కడ ఎర్రజొన్న ఇప్పటికీ వేల ఎకరాల్లో పండుతోంది. కాని అది మనిషి నోటికి కాదు. పశుగ్రాసపు విత్తనంగా ఉత్తరాది రాష్ట్రాలకు పోతుంది. ధర కోసం ఆ రైతులు జాతీయ రహదారి మీద కూర్చున్నారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నిజామాబాద్ బరిలో నిలిచారు. అంటే జొన్న పండించడం మన నేల మరిచిపోలేదు, మన రైతు మరిచిపోలేదు. కొనేవాడు ఉంటే పండిస్తాడు.

కొనేవాడు సర్కారే కావచ్చు. 2013 ఆహార భద్రతా చట్టంలోనే బియ్యం మూడు రూపాయలకు, గోధుమలు రెండు రూపాయలకు, చిరుధాన్యాలు ఒక్క రూపాయికి ఇవ్వాలని రాసి ఉంది. చిరుధాన్యాలు రేషన్‌లోకి రావాలని దేశమంతా తిరిగి గొంతెత్తినవాళ్లలో సతీష్ గారు, ఆయన కట్టిన మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా ముందున్నారు. పక్కనున్న కర్ణాటక రాగి, జొన్న రేషన్‌లో ఇస్తోంది. మన దగ్గర సర్కారు బడి పిల్లలకు 2023లో రాగిజావ మొదలుపెట్టారు. కామారెడ్డి జిల్లాలోని హాస్టళ్లు, గురుకులాలు, అంగన్‌వాడీలు వారానికి రెండు పూటలు జొన్న వండితే, ఆ జొన్నలు ఈ జిల్లా చెల్కల నుంచే కొంటే, సన్నబియ్యం ఒక్క గింజ తగ్గించకుండానే ఈ పని మొదలుపెట్టొచ్చు. వంటమ్మలకు అదనపు పనికి అదనపు జీతం, రొట్టె చేసే యంత్రం ఇవ్వాలి. ఆ ఖర్చు రాయకుండా ఈ ప్రతిపాదన కలెక్టరేట్‌కు పంపొద్దని నా మనవి.

మన చేతిలో ఉన్నది ఇంకొకటి. వచ్చే వానకాలం ఎల్లారెడ్డి, లింగంపేట మండలాల్లో రెండు ఊళ్లు చూసుకుని, ఒక్కొక్క శివారులో ఒకే పట్టున, ఆనుకుని ఉన్న చేనుల్లో అందరూ కలిసి జొన్న వేయాలి. మధ్య మధ్య కంది సాళ్లు, అనుములు. అందులో అట్రజిన్ కొట్టకూడదు. కావలి వంతులవారీగా కాయాలి. చెదురుమదురుగా పదిమంది వేస్తే పిట్టలే గెలుస్తాయి. జుక్కల్, మద్నూర్ దిక్కు నల్లరేగడి రైతులు యాసంగికి ఇదే పద్ధతి ఆలోచించాలి. వాళ్లకు నీటితడి అక్కర కూడా ఉండదు. కామారెడ్డి పట్నంలో ఉండి షుగర్ కోసం రొట్టెలు కొంటున్న మనలాంటివాళ్లం విత్తనం వేయకముందే ఇంటికి ఇన్ని కిలోలని రాసిచ్చి, సగం పైసలు ముందు కట్టాలి. పంట పిట్టలకు పోతే ఆ సగం మనం వదులుకోవాలి. పిట్టల వంతులో మనకూ వాటా ఉండాలి కదా.

సభ అయ్యాక బయట బల్ల మీద రెండు పుస్తకాలుంటాయి. రైతులు మొదటి దాంట్లో మీ చేను ఎవరి చేనుకు ఆనుకుని ఉందో రాయండి, ఇంట్లో పచ్చజొన్న, తెల్లజొన్న పాత విత్తనం ఉంటే ఎన్ని సోలెలో రాయండి. పట్నంవాళ్లు రెండో దాంట్లో ఎన్ని కిలోలు కావాలో రాసి, ముందు కట్టే పైసల సంగతి అక్కడున్న చెల్లెళ్లతో మాట్లాడుకోండి.